చనుబాల సీసాలో దొంగసాక్షులు

తిరుపతిలో ఉద్యోగానికి వెళ్లే బాలింత పొద్దున్నే పాలు పిండి ఫ్రిజ్‌లో పెడితే, సాయంత్రానికి పైన మీగడ తెట్టు కడుతుంది. కింద కాస్త నీలివన్నెతో పలుచని పాలు తేరి ఉంటాయి. పరిశోధకుల కన్ను ఈ పలుచని పాల మీద పడింది.

తల్లి కణాలు విడిచిన బుల్లి సంచులు, ఎక్సోసోములు, అందులో తేలుతుంటాయి. వాటి వ్యాసం సుమారు 30 నుంచి 150 నానోమీటర్లు. మామూలు సూక్ష్మదర్శినికి అవి అందవు. పైన కొవ్వు పొర, లోపల ప్రొటీన్లు, జన్యువుల పనిని అదుపు చేసే పొట్టి ఆర్‌ఎన్‌ఏ ముక్కలు, అంటే మైక్రో ఆర్‌ఎన్‌ఏ. చనుబాలలో ఇవి ఉన్నాయని స్వీడన్ పరిశోధకులు 2007లో చూపించారు. జంతువుల మీద ప్రయోగాల్లో ఇవి పేగు కణాలను కాపాడిన దాఖలాలు ఉన్నాయి. నెలలు నిండకుండా పుట్టిన పసికందులకు వచ్చే ప్రాణాంతకమైన పేగు జబ్బు దృష్ట్యా ఇది చిన్న విషయం కాదు. వాటిలోని మైక్రో ఆర్‌ఎన్‌ఏ బిడ్డ ఒంట్లో ఎంతవరకు పనిచేస్తుందన్న వాదన మాత్రం ఇంకా తెగలేదు.

అసలు చిక్కు నిల్వతో వస్తుంది. చనుబాలలో తల్లి కణాలు ప్రాణంతోనే ఉంటాయి. పాలను ఉన్నవి ఉన్నట్టే చల్లబరిస్తే అవి చచ్చి, చిట్లి, పొరల తునకలు వదులుతాయి. ఆ తునకలు చుట్టుకుపోయి అచ్చం ఎక్సోసోముల్లాగే కనిపిస్తాయి. తల్లి పంపినది ఏదో, సీసాలో పుట్టినది ఏదో ఇక తేల్చడం కష్టం. 4 డిగ్రీల దగ్గర దాచినా, మైనస్ 80 దగ్గర దాచినా ఈ బెడద తప్పదని నెదర్లాండ్స్ పరిశోధకులు 2014లో తేల్చారు. వాళ్లు చెప్పిన విరుగుడు సులువైనదే: పాలు తాజాగా ఉండగానే గిర్రున తిప్పి మీగడను, కణాలను వేరు చేయాలి, మిగిలిన పలుచని పాలనే గడ్డకట్టించాలి. చిత్తూరు డెయిరీల్లో మీగడ తీసే యంత్రం కూడా ఈ సూత్రంతోనే నడుస్తుంది. ఆ తర్వాత పలుచని పాలలోని సంచులను అడుగుకు దింపడానికి మాత్రం భూమ్యాకర్షణకు లక్ష రెట్ల బలం కావాలి.

అక్కడితోనూ అయిపోదు. పాలలోని కేసిన్ ప్రొటీన్ ఉండలు కూడా ఇంచుమించు ఇదే పరిమాణంలో ఉంటాయి. లేజర్ వెలుగులో రేణువుల కదలికను బట్టి లెక్కపెట్టే యంత్రానికి ఉండ, సంచి రెండూ ఒకటే. అందుకే సాంద్రతను బట్టి వేరుచేసి, ఎక్సోసోముల పొర మీద ఉండే సీడీ9, సీడీ63 వంటి ప్రొటీన్లు ఉన్నాయో లేవో చూస్తారు. ఇవేవీ చేయకుండా పాలలో ఇన్ని కోట్ల ఎక్సోసోములని ఎవరైనా రాస్తే నేను నమ్మను.

తల్లులు బెంగపడాల్సిన పని లేదు, ఇది ప్రయోగశాల తలనొప్పి. పిండిన పాలు 25 డిగ్రీల గదిలో 4 గంటలు, ఫ్రిజ్‌లో 4 రోజులు బిడ్డకు పట్టడానికి పనికొస్తాయి. అయితే మే నెల తిరుపతిలో గది 25 డిగ్రీల్లో ఎక్కడుంటుంది? పాలు పిండగానే ఫ్రిజ్‌లోకి చేర్చాలి. తల్లులు దానమిచ్చిన చనుబాలను దాచే పాల బ్యాంకులో ఆ పాలను 62.5 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు వేడిచేసి గడ్డకట్టిస్తారు. అక్కడి నమూనాలో కనిపించినదాన్ని తాజా పాలకు అంటగట్టకూడదు. పాలు ఎన్నింటికి పిండారు, ఎంతసేపటికి తిప్పారు, ఎన్నిసార్లు కరిగించారు అన్నవి రాసిపెట్టని నమూనా పరిశోధనకు అక్కరకు రాదు.