కఠిన పదాలు, అర్థాలు, సొంత వాక్యాలు: ఈ పద్ధతి దగ్గరే ఎందుకు ఆగిపోయాం?

పాఠం మొదలవగానే బోర్డు మీద పది కఠిన పదాలు, పక్కన అర్థాలు, పిల్లలు నోట్‌బుక్‌లోకి ఎక్కించుకుంటారు, సొంత వాక్యాలు రాస్తారు, వారం చివర్లో డిక్టేషన్, ఇక ఆ పదాలు మళ్లీ కనపడవు. చాలా క్లాసుల్లో ఇప్పటికీ ఇదే నడుస్తోంది. టీచర్లకి శ్రద్ధ లేక కాదు, అది మాత్రం గట్టిగా చెప్తాను. చదవడం ఎలా నేర్పాలి అన్న గొడవ నూట యాభై ఏళ్లకి పైగా అక్షరాల చుట్టూనే తిరిగింది, పదాల సంగతి ఎవరికీ పట్టలేదు.

గొడవ ఎక్కువగా నడిచింది అమెరికాలో. 1837లో మసాచుసెట్స్ విద్యా బోర్డు కార్యదర్శి అయిన హొరేస్ మన్, అక్షరాలు విడివిడిగా చూపిస్తే పిల్లలకి రక్తమాంసాలు లేని దెయ్యాల్లా కనిపిస్తాయని వాదించాడు, మొత్తం పదాన్నే ముందు చూపించాలన్నాడు. తర్వాత వచ్చిన వాచకాల్లో అవే కొద్ది పదాలు పేజీ పేజీకీ రిపీట్ అయ్యేవి, గుర్తుపట్టడం తేలికే కానీ కొత్త మాట దొరకదు. 1955లో రచయిత రుడాల్ఫ్ ఫ్లెష్ ఇదంతా తప్పు, ఫోనిక్స్, అంటే ఏ అక్షరానికి ఏ శబ్దమో నేర్పే పద్ధతి, కావాలని పెద్ద దుమారం లేపాడు. 1967లో పరిశోధకురాలు జీన్ చాల్ అప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నీ చూసి, మొదట్లో అక్షరం-శబ్దం సంబంధం నేర్పితేనే ఫలితం బాగుంటుందని తేల్చింది. సరిగ్గా అదే ఏడాది కెన్ గుడ్‌మన్ చదవడమంటే ఊహించుకుంటూ పోవడమే అని రాశాడు, దాన్నుంచే 80ల్లో హోల్ లాంగ్వేజ్, అంటే అక్షరాలు విడిగా నేర్పడం కన్నా మొత్తం కథలు, పుస్తకాలు చదివించాలనే పద్ధతి, ఊపందుకుంది.

హోల్ లాంగ్వేజ్ వాళ్లు పదాలు చదువుతూ ఉంటే వాటంతటవే వస్తాయి అనుకున్నారు. ఇందులో నిజం లేకపోలేదు. 1984లో నాగీ, ఆండర్సన్ లెక్కేస్తే ఇంగ్లీష్ స్కూలు పుస్తకాల్లో దాదాపు 88,500 పద కుటుంబాలు, అంటే ఒకే మూలం నుంచి వచ్చిన మాటల గుంపులు, తేలాయి, అన్నీ కూర్చోబెట్టి చెప్పడం ఎవరి వల్లా కాదు. కానీ 1986లో కీత్ స్టానోవిచ్ ఇంకో వైపు చూపించాడు: బాగా చదివేవాళ్లు ఎక్కువ చదువుతారు, దాంతో పదాలు పెరుగుతాయి, పదాలు పెరిగితే ఇంకా చదువుతారు, తడబడేవాళ్లు ఏటా వెనకపడుతూనే ఉంటారు. అంటే వాటంతటవే వస్తాయిలే అని వదిలేస్తే నష్టపోయేది ఎవరికి సాయం ఎక్కువ కావాలో వాళ్లే.

మరి చదివింది అర్థం చేసుకోవడం క్లాసులో నేర్పుతున్నారా అని పరిశోధకురాలు డొలొరెస్ డర్కిన్ వెళ్లి కూర్చుని చూసింది. 1978-79లో వచ్చిన ఆమె స్టడీలో నాలుగో తరగతి రీడింగ్ పాఠాలు 4,469 నిమిషాలు గమనిస్తే, అర్థం చేసుకోవడం ఎలాగో నిజంగా నేర్పింది 20 నిమిషాలు! మిగతాదాంట్లో చాలా భాగం ప్రశ్నలడగడం, వర్క్‌షీట్లు. అంటే పరీక్షించారు, నేర్పలేదు.

డిక్షనరీ అర్థం ఇచ్చి వాక్యం రాయమంటే ఏమవుతుందో 1987లో జార్జ్ మిల్లర్, ప్యాట్రిషియా గిల్డియా చూపించారు. ఎరోడ్ అంటే నేలో రాయో కోసుకుపోవడం. డిక్షనరీలో దానికి ఈట్ అవుట్ అని ఉంది, ఆ మాటకి బయట తినడం అని కూడా అర్థం ఉంది కదా, దాంతో ఒక స్టూడెంట్ మా ఫ్యామిలీ బాగా ఎరోడ్ అవుతుంది అని రాసేశారు. నేను దీన్ని తప్పు అనను, ఇచ్చిన సమాచారంతో చక్కగా ఆలోచించారు, ఇచ్చిన సమాచారమే చాలలేదు.

పిట్స్‌బర్గ్‌లో ఇసబెల్ బెక్, మార్గరెట్ మెకియోన్ ఇక్కడే పట్టు పట్టారు. అన్ని పదాలూ ఒకటి కాదు అన్నారు. కుక్క, నీళ్లు లాంటివి ఎలాగూ వస్తాయి, కిరణజన్య సంయోగక్రియ లాంటివి ఆ సబ్జెక్టులో చెప్పుకోవచ్చు, అసలు టైం పెట్టాల్సింది మధ్యలోవాటి మీద, మన మాటల్లో చెప్పాలంటే పర్యవసానం, నిరాకరించు, సందిగ్ధం లాంటివి. మాటల్లో తక్కువ వినపడతాయి, ఏ పుస్తకం తెరిచినా ఎదురవుతాయి.

2000లో అమెరికా నేషనల్ రీడింగ్ ప్యానెల్ రిపోర్టు చదవడం నేర్పడంలో ముఖ్యమన్న ఐదు అంశాల్లో పదజాలాన్నీ చేర్చింది. కానీ ఫోనిక్స్‌కి ఎంత ఫలితముందో 38 స్టడీలు కలిపి లెక్క కట్టగలిగారు, పదజాలానికి అలా కట్టడానికి కుదరలేదు. ఇంగ్లండ్‌లో 2012 నుంచి జరిగే ఫోనిక్స్ చెక్ చూడండి, 40 పదాలు, అందులో 20 అర్థమే లేని కల్పిత పదాలు, ఎందుకంటే అక్కడ చూసేది డీకోడింగ్, అంటే అక్షరాల్ని శబ్దాలుగా మార్చి చదవడం, ఒక్కటే, దానికది అవసరమే. పదం తెలుసా అన్నది అలా కొన్ని నిమిషాల్లో తేలదు, ఒక పదం కొంచెం తెలుస్తుంది, తర్వాత ఇంకొంచెం తెలుస్తుంది. కొలవడం కష్టమైనదానికి టైంటేబుల్‌లో చోటు దొరకడమూ కష్టమైంది, ఆ ఖాళీలోనే అర్థాలు ఎక్కించుకోవడం స్థిరపడిపోయింది.

1985లో మెకియోన్, బెక్ వాళ్లు ఒక పదం పిల్లలకి నాలుగుసార్లు ఎదురైతే ఏమవుతుంది, పన్నెండుసార్లు ఎదురైతే ఏమవుతుంది అని పోల్చి చూశారు. నాలుగుసార్లకే అర్థం చెప్పగలిగారు. ఆ పదం ఉన్న కథ చదివి అర్థం చేసుకోవడంలో తేడా కనిపించింది మాత్రం పన్నెండుసార్లు ఎదురైనప్పుడే.