పాత తుఫాన్ల లెక్కలు: కొన్ని అపోహలు, వాస్తవాలు

అపోహ: 1839లో కాకినాడ దగ్గరి కోరంగి రేవును కొట్టిన తుఫానులో 3 లక్షల మంది చనిపోయారు, 20 వేల పడవలు మునిగాయి.

వాస్తవం: 1737 కలకత్తా తుఫాను గురించి కూడా అచ్చం ఇవే రెండు అంకెలు చెబుతారు. ఒకదాని లెక్క మరోదానికి అంటుకుందనే నా అభిప్రాయం. అసలు కలకత్తా అంకే నిలవదు. ఈస్టిండియా కంపెనీ పత్రాలు పరిశీలించిన భూకంప శాస్త్రవేత్త రోజర్ బిల్‌హామ్ 1994లో ఈ సంగతి చూపించారు: అప్పటి నగర జనాభాయే అంత లేదు, నగరంలో పోయినవాళ్లు సుమారు 3 వేలని కంపెనీ కాగితాల్లో ఉంది. దీనివల్ల కోరంగి విషాదం చిన్నదైపోదు. 1789లోనూ ఆ ఊరిని ఉప్పెన ముంచింది.

అపోహ: పరికరాలు లేని కాలపు రాతలతో సైన్స్ కుదరదు.

వాస్తవం: మృతుల సంఖ్య కన్నా గాలి దిశ మీద నాకు నమ్మకం ఎక్కువ. తెరచాప ఓడకు గాలే ప్రాణం కాబట్టి లాగ్‌బుక్కుల్లో (ఓడ రోజువారీ నమోదు పుస్తకాల్లో) అది శ్రద్ధగా రాసేవారు. మన అర్ధగోళంలో తుఫాను గాలి గడియారం ముల్లుకు ఎదురుగా తిరుగుతుంది. తుఫాను పడమరగా కదులుతున్నప్పుడు, ఒక చోట ఈశాన్యపు గాలి తూర్పుకి, తర్వాత ఆగ్నేయానికి మారిందంటే కేంద్రం ఆ చోటుకి దక్షిణంగా వెళ్లినట్టు. ఉత్తరపు గాలి పడమరకి, నైరుతికి తిరిగితే ఉత్తరంగా వెళ్లినట్టు. నాలుగైదు ఓడల రాతలు పక్కపక్కన పెడితే తుఫాను దారి గీయొచ్చు. 'సైక్లోన్' అనే పేరు పెట్టిన హెన్రీ పిడింగ్‌టన్ 1839 నుంచి కలకత్తాలో చేసిన పని ఇదే. ఉప్పెన ఎక్కడ కొట్టిందో కూడా దీంతో అంచనా వేయొచ్చు. మన తీరంలో కేంద్రానికి ఉత్తరం వైపు గాలి సముద్రాన్ని ఒడ్డు మీదికి తోస్తుంది. 1977 తుఫానులో దివిసీమ ఆ వైపే ఉంది.

అపోహ: తేదీలు వేరైతే తుఫాన్లూ వేరే.

వాస్తవం: బ్రిటన్ 1752లో కొత్త క్యాలెండరుకి మారుతూ 11 రోజులు దాటేసింది. డచ్చివారు అప్పటికే కొత్తదానికి మారిపోయారు కాబట్టి, అంతకుముందు బందరులో వారి తేదీ, ఇంగ్లిష్‌వారి తేదీ కలవవు. సరిచూసుకోకపోతే ఒకే తుఫాను రెండుసార్లు లెక్కకెక్కుతుంది.

అపోహ: పాత జాబితాల్లో తుఫాన్లు తక్కువ, కాబట్టి ఇప్పుడు పెరిగాయి.

వాస్తవం: మొదటి వాతావరణ ఉపగ్రహం టైరోస్-1 ఎగిరింది 1960లో. అంతకుముందు ఏ ఓడకీ ఎదురుపడకుండా సముద్రంలోనే బలహీనపడినవి ఎవరి కంటా పడలేదు. పోల్చాలంటే తీరం దాటినవాటినే తీసుకోవాలి. అందులోనూ రేవుల దగ్గర దాటినవి ఎక్కువగా నమోదవుతాయి, జనం లేని చోట దాటినవి జారిపోతాయి. సముద్రం వేడెక్కుతోందన్నది ఉష్ణోగ్రత కొలతలు చెబుతున్న నిజం. దానికి ఈ జాబితాను సాక్ష్యంగా తేనక్కర్లేదు.