మళ్ళీ పాలెట్ టౌన్‌లోనే మొదలైందా? ముందు సేవ్ జోలికి వెళ్ళకండి

పాత గేమ్‌బాయ్ కార్ట్రిడ్జ్‌లు బాగుచేయడం నా పని. నా దగ్గరికి వచ్చేవాటిలో సగానికి పైగా పోకెమాన్‌వే. వాటితో పాటు వచ్చే ఫిర్యాదు కూడా దాదాపు ఒక్కటే: "కంటిన్యూ కనపడట్లేదు. న్యూ గేమ్ నొక్కితే మళ్ళీ పాలెట్ టౌన్‌లో, మేడ మీద గదిలో, ఆ వీడియో గేమ్ ముందు నిలబడి ఉన్నాడు."

పాలెట్ టౌన్ అంటే రెడ్, బ్లూ, యెల్లో ఆటలు మొదలయ్యే ఊరు. కంటిన్యూ అంటే పాత సేవ్ నుంచి ఆట కొనసాగించే మెనూ ఎంపిక. ఆ ఫిర్యాదు విన్నాక నేను అడిగే మొదటి ప్రశ్న: సేవ్ చేశారా?

పదిమందిలో ఏడెనిమిది మంది చేసే వస్తారు. "ఎలాగూ పోయింది కదా అని మళ్ళీ మొదలుపెట్టాను. ప్రొఫెసర్ ఓక్ దగ్గర మొదటి పోకెమాన్‌గా స్క్వర్టిల్ తీసుకున్నాను, పక్క ఊరు విరిడియన్ దాకా వెళ్ళి సేవ్ చేశాను" అంటారు. పాపం, వాళ్ళకేం తెలుసు. కానీ ఈ ఒక్క అపోహ వల్ల పోయినన్ని సేవ్‌లు ఇంకే కారణం వల్లా పోలేదని నా నమ్మకం. అందుకే మిగతావన్నీ పక్కనపెట్టి ముందు దీని సంగతి చూద్దాం.

అపోహ: పాలెట్ టౌన్‌లో నిద్ర లేచామంటే పాత సేవ్ చెరిగిపోయినట్టే.

వాస్తవం: న్యూ గేమ్ నొక్కినంత మాత్రాన ఏదీ చెరగదు. ప్రొఫెసర్ ఓక్ ఉపన్యాసం విన్నా, పేరు పెట్టుకున్నా, కిందికి దిగి అమ్మతో మాట్లాడినా, గడ్డిలో అడుగుపెట్టి ఓక్ చేత ఆపించుకున్నా, ల్యాబ్‌లో రైవల్‌తో (పోటీకొచ్చే కుర్రాడితో) పోరాడినా పాత సేవ్ మీద గీత కూడా పడదు. ఇదంతా కన్సోల్ మెమరీలో నడిచే వ్యవహారం. ఈ దశలో కార్ట్రిడ్జ్‌లోని పాత ఫైల్ మీద రాత పడేది మీరు మెనూ తెరిచి సేవ్ కొట్టినప్పుడే. ఆ క్షణం వరకు స్విచ్ ఆపేస్తే ఏమీ జరగనట్టే.

మరి కంటిన్యూ ఎందుకు మాయమైంది? దానికి ముఖ్యంగా రెండు కారణాలు. ఒకటి బ్యాటరీ. రెడ్, బ్లూ, యెల్లో గేముల్లో సేవ్ ఉండేది 32 కిలోబైట్ల ఎస్‌రామ్ చిప్‌లో. కరెంటు ఉన్నంతసేపే దానికి జ్ఞాపకం. కన్సోల్ ఆపేశాక ఆ కాస్త కరెంటు ఇచ్చేది లోపల ఉన్న 3 వోల్టుల బటన్ సెల్. అది పడిపోతే సేవ్ నిజంగానే పోయింది, అందులో వాదనకు తావు లేదు.

రెండోది పిన్నుల మీద మురికి. దీన్ని ఎవరూ నమ్మరు. "గేమ్ ఆడుతోంది కదండీ, పిన్నులు బాగున్నట్టే కదా" అంటారు. గేమ్ చదవడానికీ, సేవ్ చిప్‌ను పలకరించడానికీ అన్నీ ఒకే పిన్నులు కావు. సేవ్ వైపు పిన్ను పట్టకపోతే గేమ్ హాయిగా నడుస్తుంది, సేవ్ మాత్రం దానికి కనపడదు. చదివిన సమాచారం లెక్క సరిపోకపోతే ఫైల్ డేటా నాశనమైందని ఒక్క ముక్క చెప్పి ఊరుకుంటుంది, లేదా ఆ ముక్క కూడా చెప్పకుండా న్యూ గేమ్, ఆప్షన్ మాత్రమే చూపిస్తుంది. లోపల మీ వీనసార్ మాత్రం ఎక్కడున్నది అక్కడే ఉంటుంది.

ఇక్కడే ఇంకో మెలిక ఉంది. మామూలుగా పాత సేవ్ ఉండగా కొత్త ఆట సేవ్ చేయబోతే, పాత ఫైల్ చెరిగిపోతుంది, సరేనా అని గేమ్ అడుగుతుంది. చాలామంది ఈ ధైర్యంతోనే సేవ్ కొడతారు: "అడిగితే వద్దందాం, అడగకపోతే పాతది లేనట్టే." కాదు. పాత ఫైల్ ఉందో లేదో గేమ్ తేల్చుకునేది మొదట్లో, మెనూ చూపించే ముందు. అప్పుడు మురికి వల్ల కనపడకపోతే, లేదనే రాసిపెట్టుకుంటుంది. మీరు సేవ్ కొట్టే వేళకు ఆ పిన్ను కాస్త పట్టిందనుకోండి, ఒక్క మాట కూడా అడగకుండా పాతదాని మీద కొత్తది రాసేస్తుంది. హెచ్చరిక వచ్చిందంటే పాతది బతికే ఉందని అర్థం. వెంటనే నో అని స్విచ్ ఆపేయండి. రాలేదంటే మాత్రం దానికి ఏ అర్థమూ లేదు.

కాబట్టి కంటిన్యూ కనపడకపోతే చేయాల్సింది చాలా తక్కువ. స్విచ్ ఆపండి. కార్ట్రిడ్జ్ తీయండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో పిన్నులు తుడవండి, దూది నల్లబడటం ఆగేదాకా. ఆరనివ్వండి. మళ్ళీ పెట్టి చూడండి. నోటితో ఊదకండి, తడి తగిలి పిన్నులు తుప్పు పడతాయి. నాలుగైదు సార్లు చూసినా రాకపోతే అప్పుడు బ్యాటరీ సంగతి ఆలోచిద్దాం. అంతవరకూ పాలెట్ టౌన్‌లో ఎంత తిరిగినా పర్వాలేదు, సేవ్ ఒక్కటి వద్దు.

ఒకసారి ఒక అమ్మాయి బ్లూ కార్ట్రిడ్జ్ పట్టుకొచ్చింది. వచ్చేసరికే గొంతు వణుకుతోంది. "అన్నా, అక్కది ఇది. ఇంకా తనకి చెప్పలేదు. నేను సేవ్ చేయలేదు, ఒట్టు." తుడిచాను, రాలేదు. విప్పి చూస్తే పిన్నుల అంచు దగ్గర ఎప్పుడో ఒలికిన ఏదో జిగురు గట్టిపడి ఉంది. దాన్ని నెమ్మదిగా గీకి, తుడిచి, పెట్టి స్విచ్ వేశాను. కంటిన్యూ వచ్చింది. నొక్కితే చిన్న డబ్బాలో అక్క పేరు, బ్యాడ్జీలు 8, పోకెడెక్స్ 140 చిల్లర, టైమ్ దగ్గర 255 గంటలు. ఈ గేమ్ గడియారం అంతకు మించి పోదు, అక్కడే ఆగిపోతుంది. ఆ అమ్మాయి ఆ 255 వంకే చూస్తూ, "ఇంతసేపు ఆడిందా ఇది! నన్ను మాత్రం చదువుకోమని తిట్టేది" అంది.

అందరికీ ఇలా జరగదు. ఇంకో అబ్బాయి తెచ్చిన రెడ్ కార్ట్రిడ్జ్ విప్పి మల్టీమీటర్ పెడితే సెల్ దగ్గర 3 వోల్టులు నిక్కచ్చిగా చూపించింది. పిన్నులు శుభ్రంగా ఉన్నాయి. లోపం ఏమీ లేదు. మెల్లగా అడిగితే బయటపడింది: అన్నయ్య ఫైల్ ఉండగానే, చార్మాండర్‌ని తీసుకుంటే ఎలా ఉంటుందో చూద్దామని న్యూ గేమ్ నొక్కాడు. సేవ్ చేసేటప్పుడు ఏదో అడిగిందట. "'A' బటన్ నొక్కుతూ పోయానండీ, చదవలేదు." పార్టీ, బ్యాగు, బ్యాడ్జీలు ఉన్నచోటే కొత్తవి రాసేశాక వాటిని వెనక్కి తెచ్చే పనిముట్టు నా దగ్గర లేదు, ఎవరి దగ్గరా లేదు. తెస్తామని డబ్బు అడిగేవాళ్ళు ఉన్నారు, వాళ్ళ మాట నమ్మకండి. ఈ గేముల్లో సేవ్ ఒక్కటే. అన్నకొకటి, తమ్ముడికొకటి ఉండవు. స్టార్టర్‌ని, అంటే మొదటి పోకెమాన్‌ని, మార్చి చూడాలనిపిస్తే న్యూ గేమ్ నొక్కి, ల్యాబ్‌లో ముచ్చట తీర్చుకుని, సేవ్ చేయకుండా ఆపేయొచ్చు.

అపోహ: కొత్త బ్యాటరీ వేస్తే పాత సేవ్ తిరిగి వస్తుంది.

నష్టం విషయంలో ఈ అపోహది రెండో స్థానం. రాదు. చచ్చిన సెల్ తీసి కొత్తది వేస్తే ఇక ముందు చేసే సేవ్‌లు నిలుస్తాయి, అంతే. ఇంకా బాధాకరమైన సంగతి ఏమిటంటే, బాగున్న సెల్‌ను ముందుజాగ్రత్త అని తీసేవాళ్ళు. సెల్ ఊడదీసిన మరుక్షణం నుంచి ఎస్‌రామ్‌కు దిక్కు ఉండదు. 1998 నాటి రెడ్, బ్లూ కార్ట్రిడ్జ్‌లలో కొన్ని ఇప్పటికీ మొదటి సెల్ మీదే నిలబడి ఉన్నాయి. మీది అలాంటిదైతే ముందు కార్ట్రిడ్జ్ రీడర్‌తో సేవ్‌ను కంప్యూటర్‌లోకి కాపీ చేయించండి, తర్వాత సెల్ మార్పించండి, తర్వాత ఆ కాపీని తిరిగి ఎక్కించుకోండి. మార్చేవాళ్ళను "సేవ్ కాపీ తీస్తారా" అని ముందే అడగండి. తడబడితే కార్ట్రిడ్జ్ ఇవ్వకండి. రీడర్ దొరకకపోతే, మనసుకు దగ్గరైన పోకెమాన్‌లను లింక్ కేబుల్‌తో స్నేహితుడి కార్ట్రిడ్జ్‌లోకి ట్రేడ్ చేసి దాచుకోవచ్చు. అది కూడా సెల్ బతికి ఉండగానే.

సెల్‌ను టేపుతో అంటించే వీడియోలు చూసి మొదలుపెట్టకండి. నాలుగు రోజులు పని చేస్తుంది, జేబులో కుదుపుకి వదులవుతుంది, మళ్ళీ పాలెట్ టౌన్. మామూలు సెల్ మీద నేరుగా సోల్డరింగ్ ఐరన్ పెట్టడం ఇంకా ప్రమాదం, పేలొచ్చు. ముందే రేకులు అతికించి ఉన్న సెల్స్ దొరుకుతాయి, అవే వాడాలి.

గోల్డ్, సిల్వర్, క్రిస్టల్ వాళ్ళు ఈ విషయంలో ఇంకా తొందరపడాలి. మీరు మొదలయ్యేది న్యూ బార్క్ టౌన్‌లో, పాలెట్ టౌన్ ఆట చివర్లో కాంటో ప్రాంతానికి వెళ్ళాక చుట్టపుచూపుగా వచ్చే ఊరు. అయితే ఆ కార్ట్రిడ్జ్‌లలో గడియారం కూడా అదే సెల్ మీద పగలూ రాత్రీ నడుస్తుంది. అందుకే రెడ్, బ్లూ కంటే తర్వాత వచ్చినా వీటి సెల్స్ ముందే పడిపోతాయి. వీటిలో ఉండేది సీఆర్2025.

ఫైర్‌రెడ్, లీఫ్‌గ్రీన్ తెచ్చి "సెల్ మార్చండి" అనేవాళ్ళకు నేను చెప్పేది: అసలు కార్ట్రిడ్జ్‌లో సెల్లే లేదు. 2004లో వచ్చిన ఈ రెండింటిలో సేవ్ కరెంటు లేకపోయినా నిలిచే ఫ్లాష్ చిప్‌లో ఉంటుంది. విప్పితే లోపల సెల్ కనపడిందంటే మీకు అమ్మింది నకిలీ. రూబీ, సఫైర్, ఎమరాల్డ్‌లలో సెల్ ఉంది గానీ అది గడియారానికే. సెల్ అయిపోయిందని గేమ్ మొదట్లో చెప్పినా కంగారుపడకండి, సేవ్ భద్రం.

మిగతావి గబగబా కానిచ్చేద్దాం, వీటివల్ల ఎవరి సేవ్‌కూ పెద్ద నష్టం లేదు, నా ఓపికకే.

మీరొకటి, రైవల్ ఒకటి తీసుకున్నాక ఓక్ ల్యాబ్‌లో మిగిలిన మూడో పోకెమాన్ బంతిని ఏదో ఒక ఉపాయంతో తీసుకోవచ్చట. తీసుకోలేరు. ఎన్నిసార్లు నొక్కినా అది ప్రొఫెసర్ ఓక్ చివరి పోకెమాన్ అనే చెబుతుంది. మూడూ కావాలంటే ట్రేడ్ చేసుకోవాలి, లేదా యెల్లో ఆడాలి. అందులో మూడూ దారిలో మనుషులే ఇస్తారు.

ఆట చివర్లో వచ్చే ఎలైట్ ఫోర్‌ను ఓడించి పాలెట్ టౌన్‌కి తిరిగొస్తే ఓక్ పోరాటానికి దిగుతాడన్నది పూర్తిగా గాలిలోంచి పుట్టిన మాట కాదు. ఆయన జట్టు గేమ్ కోడ్‌లో నిజంగానే ఉంది: టారోస్, ఎగ్జెగ్యూటర్, ఆర్కనైన్, గ్యారడోస్, ఒక స్టార్టర్ చివరి రూపం, లెవెళ్ళు 66 నుంచి 70. కానీ తయారుచేసి వాడకుండా వదిలేశారు. మామూలుగా ఆడితే ఆ పోరాటం రాదు. గ్లిచ్‌తో (గేమ్‌లోని లోపాన్ని వాడుకుని) చూసినవాళ్ళు వీడియో పెడితే, అది చూసి పిల్లలు ల్యాబ్ చుట్టూ తిరుగుతున్నారు.

గ్లిచ్ వల్ల వచ్చే మిస్సింగ్‌నో అనే వింత పోకెమాన్ కనపడితే కార్ట్రిడ్జ్ కాలిపోతుందంటారు. కాలదు. హాల్ ఆఫ్ ఫేమ్ (గెలిచిన జట్ల) రికార్డు చెడిపోతుంది, బ్యాగులో ఆరో వస్తువు సంఖ్య పెరుగుతుంది, కొన్నిసార్లు బొమ్మలు గజిబిజిగా కనపడతాయి. అన్నట్టు, మిస్సింగ్‌నోను రప్పించే ట్రిక్ ఒకటి ఉంది. విరిడియన్ ముసలాయన పోకెమాన్ పట్టే పాఠం చూశాక పాలెట్ టౌన్ నుంచి సర్ఫ్ చేస్తూ సిన్నబార్‌కి వెళ్తే ఆ ట్రిక్ పని చేయదు. దారిలో ఉన్న రూట్ 21 తన సొంత పోకెమాన్ పట్టికను తెచ్చి పెట్టేస్తుంది. ఫ్లై వాడి నేరుగా ఎగిరే వెళ్ళాలి.

చార్మాండర్‌ని ఎంచుకుంటే మొదటి జిమ్ లీడర్ బ్రాక్ దగ్గర ఇరుక్కుపోతాం, మళ్ళీ పాలెట్ టౌన్ నుంచి మొదలుపెట్టాలి అనేవాళ్ళకు మాత్రం కొంచెం వివరంగా చెప్పాలి. ఈ భయంతోనే చాలామంది ఆట చెరిపేసి మళ్ళీ మొదలుపెడతారు. బ్రాక్ దగ్గర ఉండేవి లెవెల్ 12 జియోడ్యూడ్, లెవెల్ 14 ఆనిక్స్, రెండే. వాటికి రక్షణ ఎక్కువే గానీ స్పెషల్ దాడులను తట్టుకునే శక్తి చాలా తక్కువ. చార్మాండర్ నిప్పు దాడి ఎంబర్ స్పెషల్ కాబట్టి రాతి మీద సగమే తగిలినా పని జరుగుతుంది. అదీ చాలకపోతే విరిడియన్ అడవిలో ఒక కాటర్‌పీని పట్టండి. అది 10వ లెవెల్‌కల్లా బటర్‌ఫ్రీ అయి, రెడ్, బ్లూలలో 12వ లెవెల్‌లో కన్ఫ్యూజన్ అనే దాడి నేర్చుకుంటుంది. ఇక బ్రాక్ గురించి టెన్షన్ అక్కర్లేదు. నిజంగా కష్టం యెల్లోలోని పికాచుకే. అందుకే ఆ గేమ్‌లో నిడోరాన్‌కు డబుల్ కిక్ త్వరగా వచ్చేలా మార్చారు, రూట్ 22లో మాంకీని పెట్టారు.

పాలెట్ టౌన్‌లో పోకెమాన్ సెంటర్ లేదు కాబట్టి మొదట్లో దెబ్బతింటే విరిడియన్ దాకా ఈడ్చుకుంటూ పోవాలనుకుంటారు. ఇంట్లో అమ్మతో మాట్లాడండి, ఆవిడే అన్నిటికీ నయం చేసి పంపిస్తుంది. మేడ మీద పీసీలో ఒక పోషన్ కూడా ఉంటుంది, చాలామంది దాన్ని తీసుకోకుండానే బయల్దేరతారు.

నింటెండో స్విచ్ కన్సోల్‌లో 2018 నాటి పోకెమాన్ లెట్స్ గో ఆడేవాళ్ళకు సెల్ గొడవ లేదు. అక్కడ ఒక్కో యూజర్ ప్రొఫైల్‌కి ఒక్కో సేవ్. ఇంట్లో ఇద్దరు పిల్లలుంటే ఆట పెట్టకముందే రెండు ప్రొఫైళ్ళు చేసివ్వండి. ఒకే ప్రొఫైల్‌లో ఇద్దరూ వంతులు వేసుకుని ఆడి తర్వాత విడదీయమని అడిగితే, ఒకే సేవ్‌ను రెండు చేయడం నా చేతుల్లో లేదు.