‘ఆపండి’ అనే అధికారం ఎవరిది?

అమలాపురం

చిరంజీవులకు,

తాతయ్య ఆశీస్సులు. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో పెట్టాలనుకుంటున్న అణు విద్యుత్ కేంద్రం గురించి పేపర్లో చదివి, మొన్న మీరంతా ఫోన్ చుట్టూ చేరి ఒకటే అడిగారు: "తాతయ్యా, అణు కరెంటు మంచిదా, చెడ్డదా?" కొవ్వాడ మనకి రెండొందల కిలోమీటర్ల పైనే ఉంది, మీకెందుకు భయం అని ఒక్క ముక్కలో తేల్చేయొచ్చు. అలా తేల్చడం నాకిష్టం లేదు. ఆ సముద్రపొడ్డున కూడా మీ ఈడు పిల్లలున్నారు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

ముందు నా మాట చెప్పేస్తాను. నేను అణు విద్యుత్తుకి వ్యతిరేకిని కాను. బొగ్గు పొగ లేకుండా, ఎండా గాలీ చూసుకోకుండా, రాత్రీ పగలూ నడిచే కరెంటు అది. మన దేశంలో తయారయ్యే మొత్తం కరెంటులో దాని వాటా ఇప్పటికి మూడు శాతం దరిదాపుల్లోనే ఉంది. 2025 నాటికి ఉన్న సామర్థ్యం 9,000 మెగావాట్లకి కాస్త తక్కువ. 2047 నాటికి దాన్ని 1,00,000 మెగావాట్లు చేస్తామని ఆ ఏడాది కేంద్ర బడ్జెట్‌లో చెప్పారు. అంత వేగంగా కట్టేటప్పుడు మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నకంటే ముందు తేలాల్సింది ఒకటుంది. "ఇది సరిగ్గా లేదు, ఆపండి" అనాల్సిన మనిషి ఎవరు? అలా అన్నాక అతని ఉద్యోగం ఉంటుందా?

ఈ పరిశ్రమకే అంత ప్రత్యేకమైన కాపలా ఎందుకో చెప్తాను. రైసు మిల్లులో స్విచ్ కట్టేస్తే మోటారు ఆగిపోతుంది, అంతటితో సరి. అణు కేంద్రంలో వేడి పుట్టించే రియాక్టరు అలా కాదు. లోపల అణువులు వరసగా చీలే గొలుసు చర్య ఆగిన క్షణంలో కూడా అంతకు ముందున్న వేడిలో ఆరేడు శాతం మిగిలే ఉంటుంది. 1,000 మెగావాట్ల కరెంటు ఇచ్చే రియాక్టరు లోపల పుట్టే వేడి సుమారు 3,000 మెగావాట్లు. అందులో ఆరు శాతమంటే 180 మెగావాట్లు. అది గంటగంటకీ తగ్గుతుంది, నిజమే. అయినా రోజుల తరబడి నీళ్ళు తిరుగుతూనే ఉండాలి, ఆ నీళ్ళు తిప్పే పంపులకి కరెంటు ఉండాలి. కరెంటు తయారుచేసే చోట కరెంటు పోవడమే అన్నిటికన్నా పెద్ద ప్రమాదం.

జపాన్‌లోని ఫుకుషిమాలో 2011 మార్చి 11న జరిగింది అదే. భూకంపం రాగానే నడుస్తున్న మూడు రియాక్టర్లూ వాటంతటవే ఆగాయి. బయటి నుంచి వచ్చే కరెంటు లైన్లు తెగితే డీజిల్ జనరేటర్లు అందుకున్నాయి. సుమారు 50 నిమిషాల తర్వాత సునామీ వచ్చింది. కేంద్రం ఉన్న నేల సముద్ర మట్టానికి 10 మీటర్ల ఎత్తు, వచ్చిన నీళ్ళు 14, 15 మీటర్లు. జనరేటర్లలో ఎక్కువ భాగం కింది అంతస్తుల్లో ఉన్నాయి. మునిగిపోయాయి.

ఇక్కడ మీరు పట్టుకోవాల్సిన సంగతి ఒకటుంది. 15.7 మీటర్ల అల రావచ్చన్న లెక్క 2008లోనే ఆ కంపెనీ చేతిలో ఉంది. ఇంకా చదవాలి, చూడాలి అంటూ పక్కన పెట్టారు. మరి అడ్డుగోడ కట్టు అని బలవంతంగా చెప్పాల్సిన ప్రభుత్వ తనిఖీ సంస్థ ఏమైంది? అది ఉన్నది ఆర్థిక, వాణిజ్య, పరిశ్రమల మంత్రిత్వ శాఖ కింద. అణు విద్యుత్తుని పెంచాల్సిన బాధ్యత కూడా ఆ శాఖదే. ఒకే పెద్దాయన కింద ఒకరు బండి తోలుతుంటే, ఇంకొకరు బ్రేకు పట్టుకుని కూర్చున్నారు. జపాన్ పార్లమెంటు వేసిన స్వతంత్ర కమిషన్ 2012 జులైలో నివేదిక ఇస్తూ, ఇది మనుషులు తెచ్చిపెట్టుకున్న విపత్తు అని రాసింది. ఆ ఏడాది సెప్టెంబరులో పాత తనిఖీ సంస్థని రద్దు చేసి, ఆ మంత్రిత్వ శాఖకి సంబంధం లేకుండా కొత్తది పెట్టారు. అదే తీరంలో, భూకంప కేంద్రానికి ఇంకా దగ్గరగా, ఒనగవా అనే మరో అణు కేంద్రం ఉంది. దాన్ని సుమారు 14 మీటర్ల ఎత్తున కట్టారు. అది నిలబడింది, చుట్టుపక్కల ఇళ్ళు పోయిన జనం తలదాచుకున్నది కూడా అక్కడే.

నేను ఏటిగట్ల పని చేసి రిటైరైనవాణ్ణి కాబట్టి ఈ సంగతి నాకు పుస్తకంలో చదివి తెలియాల్సిన పని లేదు. ధవళేశ్వరంలో నీటిమట్టం 11.75 అడుగులకి వస్తే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మూడో హెచ్చరిక వచ్చిన రాత్రి గట్టు మీద నిలబడితే తెలుస్తుంది, ఆ మట్టి లోపల ఏముందో మన ప్రాణాలు దాని మీదే ఉన్నాయని. గట్టు పనికి మట్టిని పొరలు పొరలుగా పోయాలి. ప్రతి పొరనీ తడిపి, రోలరు నడిపి, ఆ తర్వాతే పై పొర వెయ్యాలి. పని దగ్గరున్న ఇంజనీరు కొలతలు ఎం బుక్కులో రాస్తాడు. కానీ క్వాలిటీ కంట్రోల్ వాళ్ళు వేరే. వాళ్ళు వచ్చి ఇనప గొట్టం దిగ్గొట్టి మట్టి ముద్ద బయటికి తీసి, తూకం వేసి, ఎంత గట్టిపడిందో చూస్తారు. పైన పచ్చగడ్డి ఎంత అందంగా మొలిచినా ఆ ముద్ద పొడిపొడిగా రాలిపోతే ఆ పొర మళ్ళీ తవ్వాల్సిందే. ప్రారంభోత్సవం తేదీ ఖరారైన పని దగ్గర ఆ పరీక్ష అడిగిన కుర్ర ఇంజనీరు మొహం చూడాలి మీరు. చుట్టూ ఉన్నవాళ్ళందరికీ అతను అడ్డుపుల్ల వేసేవాడిలాగే కనిపిస్తాడు. అతని పై అధికారీ, కాంట్రాక్టరు పనిని తొందరపెట్టే పై అధికారీ ఒక్కరే అయితే అతను ఎన్నాళ్ళు నిలబడగలడు?

ఇప్పుడు మన దేశం సంగతికొస్తాను. అణుశక్తి నియంత్రణ మండలి, అందరూ ఏఈఆర్‌బీ అనేది, 1983 నవంబరు 15న ఏర్పడింది. పార్లమెంటు ప్రత్యేకంగా చట్టం చేసి పెట్టినది కాదు, 1962 అణుశక్తి చట్టం కింద ఇచ్చిన ఉత్తర్వుతో పుట్టింది. ఆ ఉత్తర్వు కింద అది జవాబు చెప్పుకుంటూ వచ్చింది అణుశక్తి కమిషన్‌కి. ఆ కమిషన్ అధ్యక్షుడే అణుశక్తి విభాగానికి కార్యదర్శి. రియాక్టర్లు నడిపే ప్రభుత్వ కంపెనీ ఆ విభాగం కిందిదే. గొలుసు పట్టుకుని పైకి వెళ్ళండి, రెండు కొసలూ ఒకే గదిలో తేలతాయి.

అక్కడ పనిచేసినవాళ్ళు తక్కువవాళ్ళని నేననను. 1993 మార్చి 31న ఉత్తరప్రదేశ్‌లోని నరోరాలో టర్బైన్ రెక్కలు విరిగి, హైడ్రోజన్ అంటుకుని, మంటలకి కేబుళ్ళు కాలిపోయి, సుమారు 17 గంటలు కేంద్రంలో కరెంటే లేదు. లోపలున్న సిబ్బంది ధైర్యం చేసి గండం గట్టెక్కించారు. 1994 మేలో కర్ణాటకలోని కైగాలో, ఇంకా కడుతుండగానే, రియాక్టరు పైకప్పు గుమ్మటం లోపలి పొర ఊడి పడింది. ఆ రోజుల్లో ఏఈఆర్‌బీ అధ్యక్షుడు ఎ. గోపాలకృష్ణన్ అనే ఇంజనీరు. 1995లో ఆయన హయాంలో దేశంలోని అణు కేంద్రాల్లో సరిచేయాల్సిన భద్రతా లోపాలు సుమారు 130 అని లెక్క రాశారు. 1996లో ఆయన పదవీకాలం ముగిసింది, పొడిగించలేదు. 2000లో భాభా అణు పరిశోధన కేంద్రం సంస్థలని ఏఈఆర్‌బీ తనిఖీ నుంచే తప్పించి, ఆ కేంద్రం సొంత కమిటీకి అప్పజెప్పారు.

2012లో కాగ్, అంటే ప్రభుత్వ ఖాతాలు తనిఖీ చేసే రాజ్యాంగ సంస్థ, ఏఈఆర్‌బీ మీద ఒక నివేదిక ఇచ్చింది. నియమాలు ఉల్లంఘిస్తే పడే గరిష్ఠ జరిమానా 500 రూపాయలని అందులో ఉంది. పెద్ద రియాక్టర్ల గోల మనకెందుకు అనుకునేవాళ్ళు ఆ నివేదికలో ఇంకో లెక్క చూడాలి. దేశంలో వైద్యానికి వాడే ఎక్స్‌రే కేంద్రాలు 57,443 ఉంటే, అందులో 52,173, అంటే 91 శాతం, ఏఈఆర్‌బీ దగ్గర నమోదే కాలేదు. అవి మన ఊళ్ళలో, మన బస్టాండు పక్క సందుల్లో ఉండేవే. ఈసారి ఎవరికైనా ఎక్స్‌రే తీయించడానికి వెళ్తే గోడ మీద ఆ రిజిస్ట్రేషన్ కాగితం ఉందేమో చూడండి. లేకపోతే మర్యాదగా అడగండి. 2010లో ఢిల్లీ మాయాపురిలో ఒక యూనివర్సిటీ వేలం వేసిన పాత పరికరంలో కోబాల్ట్-60 అనే రేడియోధార్మిక పదార్థం ఉండిపోయింది. పాత ఇనుము కొట్టువాళ్ళు అదేమిటో తెలియక విప్పారు. ఒకరి ప్రాణం పోయింది, మరికొందరు జబ్బున పడ్డారు.

వేరు చేసేస్తే సరిపోతుందా అంటే, అదీ పూర్తిగా నిజం కాదు. అమెరికాలో ప్రోత్సహించే పనీ తనిఖీ పనీ ఒకే సంస్థ చేతిలో ఉండకూడదని 1974లో చట్టం చేసి, 1975 జనవరి నుంచి వేరే నియంత్రణ కమిషన్ పెట్టారు. అయినా ఒహాయోలోని డేవిస్-బెస్సీ కేంద్రంలో ఏం జరిగిందో వినండి. రియాక్టరు మూతకి ఉన్న గొట్టాల్లో పగుళ్ళు ఉండొచ్చని అనుమానం వచ్చి, 2001 డిసెంబరు 31లోగా ఆపి పరీక్షించాలని కమిషన్ సిబ్బంది ఉత్తర్వు తయారు చేశారు. కంపెనీ గడువు అడిగింది, ఫిబ్రవరి 16 దాకా నడపనిచ్చారు. ఆపి చూస్తే, రియాక్టరు నీళ్ళలో కలిపే బోరిక్ ఆమ్లం కారి, ఆరంగుళాలకు పైగా ఉన్న ఉక్కుని పూర్తిగా తినేసింది. లోపల అతికించిన అర అంగుళం కూడా లేని స్టెయిన్‌లెస్ స్టీలు పొర ఒక్కటే ఒత్తిడిని ఆపుతోంది. అది కూడా పోయుంటే? కంపెనీకి వచ్చే నష్టం గురించిన ఆలోచన ఆ నిర్ణయం మీద పనిచేసిందని కమిషన్ సొంత విచారణాధికారే తర్వాత తేల్చారు. ఈమధ్యే, 2025 జూన్‌లో, ఆ కమిషన్ సభ్యుల్లో ఒకర్ని అమెరికా అధ్యక్షుడు తొలగించారు. కారణం చూపకుండానే తీసేశారని ఆ సభ్యుడే చెప్పారు. చట్టంలో గీసిన గీతలు కూడా కాపలా లేకపోతే చెరిగిపోతాయి.

ఇదంతా రాజకీయం కదా తాతయ్యా అంటారేమో. అవును, రాజకీయమే. ఎవరి కింద ఎవరుండాలి, ఎవరి జీతం ఎవరివ్వాలి, ఎవరి నివేదిక జనం చదవొచ్చు అన్నవి ఓట్లతో, చట్టసభల్లో తేలే విషయాలు. మన కోనసీమకి ఇది కొత్త కాదు. 1995 జనవరి 8న పాసర్లపూడిలో గ్యాస్ బావి పేలి, మంట 65 రోజులు ఆరలేదు. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం అనే ఊళ్ళో గ్యాస్ పైపు పేలి 20 మందికి పైగా పోయారు, కొబ్బరి చెట్లు నిలువునా కాలిపోయాయి. మీ అమ్మానాన్నల్ని అడగండి. చమురు, గ్యాస్ పరిశ్రమకి భద్రతా ప్రమాణాలు రాసి తనిఖీలు చేసే డైరెక్టరేటు ఉన్నది పెట్రోలియం మంత్రిత్వ శాఖ కిందే. చమురు తీసే, గ్యాస్ పంపే ప్రభుత్వ కంపెనీలూ ఆ శాఖవే.

ఫుకుషిమా తర్వాత మన దగ్గర కూడా కదలిక వచ్చింది. 2011లో స్వతంత్ర నియంత్రణ సంస్థ కోసం బిల్లు పెట్టారు. 2014లో లోక్‌సభ రద్దవడంతో అది మురిగిపోయింది. 2015లో అంతర్జాతీయ అణుశక్తి సంస్థ పంపిన నిపుణులు వచ్చి చూసి, ఏఈఆర్‌బీ స్వతంత్రతని చట్టంలోనే రాయమని సలహా ఇచ్చారు. చివరికి 2025 డిసెంబరులో పార్లమెంటు ‘శాంతి’ చట్టాన్ని ఆమోదించింది. 1962 చట్టానికీ, 2010 నష్టపరిహార చట్టానికీ బదులుగా వచ్చిందది. ప్రైవేటు కంపెనీలకి తలుపు తెరిచింది, ఏఈఆర్‌బీకి చట్టబద్ధమైన హోదా ఇచ్చింది. హోదా రావడం మంచిదే, నేను సంతోషించాను. కానీ లాభం కోసం నడిపే కంపెనీలు వస్తున్నప్పుడు తనిఖీదారు ఇంకా గట్టిగా ఉండాలి. అందుకే మిగిలినవి చూడాలి. ఆ మండలి అధ్యక్షుణ్ణి ఎవరు ఎంపిక చేస్తారు, మధ్యలో ఎవరు తీసేయగలరు, దాని డబ్బు ఎవరి చేతి మీదుగా వస్తుంది, తనిఖీ నివేదిక ఎన్నాళ్ళకి మన కంటబడుతుంది.

వచ్చేటప్పుడు పెన్సిళ్ళు తెచ్చుకోండి. చట్టం ప్రతి ప్రింటు తీయించి ఉంచుతాను. ఇంగ్లీషులో ఉంటుంది. పెద్దవాళ్ళు చదివి చిన్నవాళ్ళకి తెలుగులో చెప్పాలి, నియామకాల గురించిన సెక్షన్లు ముందు చూద్దాం.

ఇట్లు,
మీ తాతయ్య