రాత్రంతా లాగ్ పెట్టినా దొరకని సిగ్నల్: స్పెక్ట్రమ్ ఎనలైజర్ లాగింగ్‌పై అపోహలు - వాస్తవాలు

నీటి మీటర్లకో కరెంటు మీటర్లకో లోరా గేట్‌వే (లోరా అనే తక్కువ పవర్ రేడియో పద్ధతిలో మీటర్లు పంపే సమాచారాన్ని అందుకునే పెట్టె) బిగించే ముందు, మేడ మీద పోర్టబుల్ స్పెక్ట్రమ్ ఎనలైజర్ (ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత సిగ్నల్ ఉందో చూపే పరికరం) పెట్టి ఒక రాత్రి లాగ్ తీయడం మంచి అలవాటు. మన దేశంలో తక్కువ పవర్ పరికరాలకు 865–868 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌లో లైసెన్స్ అక్కర్లేదు. ఒక్క మెగాహెర్ట్జ్ అవతల, 869 నుంచి సెల్ టవర్ల డౌన్‌లింక్ (టవర్ నుంచి ఫోన్లకు వెళ్లే సిగ్నల్) మొదలవుతుంది. ఇంత ఇరుకు చోట తీసిన లాగ్ తప్పుదారి పట్టిస్తే, కారణం చాలాసార్లు మీటరు (ఇక్కడి నుంచి మీటరంటే ఈ ఎనలైజరే) కాదు, దాని మీద మనం పెట్టుకున్న నమ్మకాలు.

అపోహ: లాగింగ్ నడుస్తున్నంతసేపూ ఎనలైజర్ బ్యాండ్ మొత్తాన్నీ వింటూనే ఉంటుంది.

వాస్తవం: స్వీప్ చేసే, అంటే బ్యాండ్‌ను ఒక కొస నుంచి ఇంకో కొసకు తుడుచుకుంటూ వెళ్లే ఎనలైజర్ ఒక క్షణంలో ఒక్క సన్నని కిటికీలోంచే చూస్తుంది. ఆ కిటికీ వెడల్పే ఆర్‌బీడబ్ల్యూ (రిజల్యూషన్ బ్యాండ్‌విడ్త్), చూసే మొత్తం వెడల్పు స్పాన్. స్వీప్‌కు పట్టే కాలం సుమారుగా 2.5 × స్పాన్ ÷ ఆర్‌బీడబ్ల్యూ వర్గం. 100 మెగాహెర్ట్జ్ స్పాన్, 10 కిలోహెర్ట్జ్ ఆర్‌బీడబ్ల్యూ పెడితే ఒక స్వీప్‌కు 2.5 సెకన్లు. ఎస్‌ఎఫ్7లో (లోరాలో వేగమైన సెట్టింగ్) ఒక చిన్న లోరా ప్యాకెట్ గాలిలో ఉండేది దాదాపు 60 మిల్లీసెకన్లు. అంటే వంద ప్యాకెట్లలో రెండో మూడో దొరుకుతాయి, మిగతావి జారిపోతాయి. స్పాన్‌ను 864.5 నుంచి 868.5 వరకు, అంటే 4 మెగాహెర్ట్జ్‌కు కుదిస్తే స్వీప్ 100 మిల్లీసెకన్లకు దిగుతుంది. అప్పుడు వందకు అరవై దాకా పడతాయి.

పడతాయి కానీ, ఫైల్లోకి వస్తాయా? 'సెకనుకు ఒకసారి సేవ్' అని పెడితే చాలా మోడళ్లు ఆ సెకనులో ఒక్క స్వీప్‌నే రాస్తాయి, మిగిలిన తొమ్మిదీ తెర మీద మెరిసి పోతాయి. మళ్లీ వందకు ఆరు దగ్గరికి వచ్చేశాం. తెర మీద కళ్లారా చూసిన సిగ్నల్ పొద్దున ఫైల్లో లేదంటే ముందు అనుమానించాల్సింది ఇదే. ఎఫ్‌ఎఫ్‌టీ మీద నడిచే, అంటే ఒక ముక్క బ్యాండ్‌ను ఒకేసారి లెక్కగట్టే కొత్త మోడళ్లు ఇంతకన్నా వేగం, అయినా సేవ్ చేసే వేళ ఖాళీ వాటికీ ఉంటుంది.

పాయింట్ల సంఖ్య కూడా చూసుకోవాలి. 100 మెగాహెర్ట్జ్‌ను 401 పాయింట్లలో చూస్తే పాయింటుకు పాయింటుకు మధ్య 250 కిలోహెర్ట్జ్ దూరం. శాంపుల్ డిటెక్టర్ (పాయింటు దగ్గరి విలువనే తీసుకునేది) పెడితే 125 కిలోహెర్ట్జ్ వెడల్పున్న లోరా చానల్ ఆ సందులో మొత్తంగా దాక్కోగలదు. 4 మెగాహెర్ట్జ్ స్పాన్‌లో అదే 401 పాయింట్లకు దూరం సరిగ్గా 10 కిలోహెర్ట్జ్, ఆర్‌బీడబ్ల్యూకు సమానం. ఇంతకన్నా దూరం పెరిగితే పీక్ డిటెక్టర్ (పాయింట్ల మధ్యలోని గరిష్ఠ విలువను తీసుకునేది) తప్పనిసరి.

అపోహ: అయితే మ్యాక్స్ హోల్డ్ (ప్రతి ఫ్రీక్వెన్సీ దగ్గర వచ్చిన గరిష్ఠ విలువను అలాగే నిలిపి ఉంచే మోడ్) పెట్టి వదిలేస్తే సరి.

వాస్తవం: రాత్రంతా మ్యాక్స్ హోల్డ్ పెడితే పొద్దునకి బ్యాండ్ అంతా కిక్కిరిసినట్టు కనిపిస్తుంది. రాత్రి రెండింటికి ఒక్కసారి మెరిసిన సిగ్నల్‌కీ, ఆగకుండా మోగుతున్న దానికీ అక్కడ తేడా లేదు. ప్రతి సేవ్ తర్వాత ట్రేస్‌ను (తెర మీది గీతను) రీసెట్ చేసే ఆప్షన్ ఉంటే మ్యాక్స్ హోల్డ్ బాగా పనికొస్తుంది, పైన చెప్పిన తొమ్మిది స్వీపులూ అందులో కలుస్తాయి. దాంతో 'సిగ్నల్ ఉందా లేదా' అనేది తేలుతుంది, 'ఎంతసేపు ఉంది' అనేది తేలదు. నిమిషానికోసారి సేవ్ చేస్తుంటే, ఒక్క 60 మిల్లీసెకన్ల ప్యాకెట్ వచ్చినా ఆ నిమిషమంతా చానల్ నిండినట్టే నమోదవుతుంది. నిజానికి నిండింది వెయ్యిలో ఒక వంతు.

ఎంతసేపు అన్నది కావాలంటే జీరో స్పాన్‌లోకి (స్వీప్ ఆపి, ఒకే ఫ్రీక్వెన్సీని కాలంతోపాటు చూసే మోడ్) వెళ్లాలి. 865.0625, 865.4025, 865.9850 మెగాహెర్ట్జ్ లోరా చానళ్లను ఒక్కొక్కటిగా, 300 కిలోహెర్ట్జ్ ఆర్‌బీడబ్ల్యూతో చూడాలి. ఓపిక పట్టే పనే, దగ్గరి దారి లేదు.

అపోహ: లాగ్‌లో నాయిస్ తప్ప ఏమీ లేదు, కాబట్టి చానల్ శుభ్రం.

వాస్తవం: ప్రీఆంప్ (లోపలికి వచ్చే సిగ్నల్‌ను పెంచేది) లేకుండా నాయిస్ ఫ్లోర్ (మీటరు సొంత నాయిస్ మట్టం) హెర్ట్జ్‌కు -140 డీబీఎం (ఒక మిల్లీవాట్‌తో పోల్చి డీబీలో చెప్పే పవర్) ఉన్న మీటరు 10 కిలోహెర్ట్జ్ ఆర్‌బీడబ్ల్యూలో -100 డీబీఎం కింద ఏదీ చూపించజాలదు. ఎస్‌ఎఫ్12లో (నెమ్మదైన, ఎక్కువ దూరం వినే సెట్టింగ్) లోరా రిసీవర్ -137 డీబీఎం దాకా వినగలదు, నాయిస్‌కు 20 డీబీ కింద ఉన్నా విప్పుకుంటుంది. గేట్‌వే చెవి మీటరు చెవి కన్నా పదునైనది. ప్రీఆంప్ వేస్తే మీటరు 20 డీబీ దాకా మెరుగవుతుంది, కాకపోతే ఇంకో తలనొప్పి మొదలవుతుంది.

అపోహ: ప్రీఆంప్ ఆన్, అటెన్యుయేటర్ (సిగ్నల్‌ను తగ్గించేది) ఆటో. అంతకన్నా మంచి సెట్టింగ్ లేదు.

వాస్తవం: టవర్ కనిపించే మేడ మీద ఇంతకన్నా చెడ్డది లేదు. 870, 873 మెగాహెర్ట్జ్ దగ్గర రెండు బలమైన సిగ్నళ్లు ప్రీఆంప్‌ను ముంచెత్తితే, మీటరు లోపలే 867 దగ్గర లేని సిగ్నల్ పుడుతుంది (870 రెట్టింపులోంచి 873 తీసేయండి). పరీక్ష సులువు: లోపలి అటెన్యుయేషన్‌ను 10 డీబీ పెంచండి. నిజమైన సిగ్నల్ రీడింగ్ కదలదు, తగ్గించినంతా మీటరే రీడింగ్‌లో తిరిగి కలుపుకుంటుంది. మీటరు పుట్టించిన మూడో ఆర్డర్ ఇంటర్‌మాడ్యులేషన్ (రెండు బలమైన సిగ్నళ్లు కలిసి పుట్టించే దొంగ సిగ్నల్) అయితే తెర మీద 20 డీబీ పడిపోతుంది. అలా పడితే ముందు 865–868 బ్యాండ్‌పాస్ ఫిల్టర్ బిగించి, ఆ తర్వాతే ప్రీఆంప్ వేయాలి.

ఆటో అటెన్యుయేటర్‌తో ఇంకో చిక్కు. అర్ధరాత్రి అది తనంతట తానే మారితే నాయిస్ ఫ్లోర్ మెట్టులా 10 డీబీ లేస్తుంది, పొద్దున దాన్ని చూసి జామర్ అనుకుంటారు. లాగ్ మొదలయ్యే ముందే మాన్యువల్‌లో స్థిరం చేయండి.

అపోహ: స్క్రీన్‌షాట్లు ఉంటే చాలు.

వాస్తవం: రిపోర్టులో అతికించడానికి చాలు, లెక్కకు చాలవు. సీఎస్‌వీ (అంకెల పట్టిక ఫైలు) తీయండి. దానితోపాటు ఆర్‌బీడబ్ల్యూ, వీబీడబ్ల్యూ (వీడియో బ్యాండ్‌విడ్త్, ట్రేస్‌ను నునుపు చేసే ఫిల్టర్), డిటెక్టర్, అటెన్యుయేషన్, ప్రీఆంప్, యాంటెనా పేరు, కేబుల్ పొడవు రాసిపెట్టండి. 900 మెగాహెర్ట్జ్ దగ్గర ఆర్‌జీ-58 కేబుల్ మీటరుకు సుమారు అర డీబీ తింటుంది. పది మీటర్లకు ఐదు. ఆ ఐదును ఎనలైజర్‌లోనూ కలిపి, తర్వాత ఎక్సెల్‌లోనూ కలపడం తరచూ జరిగే పొరపాటు.

అపోహ: డీబీఎం విలువల సగటు తీస్తే సగటు పవర్ వస్తుంది.

వాస్తవం: -60, -90ల సగటు -75 కాదు, -63. ముందు మిల్లీవాట్లలోకి మార్చి, సగటు తీసి, తిరిగి డీబీఎంలోకి రావాలి. నాయిస్‌ను నేరుగా డీబీలో సగటు చేస్తే 2.5 డీబీ తక్కువ చూపిస్తుంది.

అపోహ: 32 జీబీ పెన్‌డ్రైవ్ ఉంది, వారం రోజులైనా నిండదు.

వాస్తవం: నిజమే, 401 పాయింట్లు సెకనుకోసారి రాస్తే రోజుకు సుమారు 275 ఎంబీయే. అడ్డుపడేది జాగా కాదు, ఫైళ్ల లెక్క. పెన్‌డ్రైవ్ ఫార్మాట్ ఫ్యాట్32 అయితే ఒక ఫోల్డర్‌కు 65 వేల పైచిలుకు ఎంట్రీలే (ఫైళ్ల పేర్లు రాసుకునే గడులు). తేదీ, సమయం కలిపి 19 అక్షరాల పేరు పెడితే ఒక్కో ఫైలు మూడు ఎంట్రీలు మింగుతుంది. స్వీప్‌కో ఫైలు చొప్పున సెకనుకోసారి రాస్తే ఆరు గంటల్లో ఫోల్డర్ నిండిపోతుంది. రాత్రి తొమ్మిదికి మొదలుపెట్టిన లాగ్ మూడింటికి ఆగిందంటే బ్యాటరీని తిట్టే ముందు ఇది చూడండి. పావుగంటకో ఫైలు చేసి, అందులో వరుసకో స్వీప్ రాస్తే ఈ బాధ ఉండదు, మధ్యలో బ్యాటరీ పోయినా నష్టం ఒక్క ఫైలే. వరుసకో పాయింట్ రాస్తే మాత్రం ఎక్సెల్ 10,48,576 వరుసల పరిమితి 43 నిమిషాల డేటాకే సరిపోతుంది.

గడియారం సంగతి చిన్నదే, కానీ బాగా ఇరికిస్తుంది. నెట్‌వర్క్ సర్వర్ లాగులు చాలావరకు యూటీసీలో (అంతర్జాతీయ ప్రామాణిక సమయం) ఉంటాయి, మీటరు మన సమయంలో ఉంటుంది. ఐదున్నర గంటల తేడా సరిచేయకుండా పక్కపక్కన పెడితే పోయిన ప్యాకెట్‌కీ దొరికిన జోక్యానికీ సంబంధమే కనబడదు.

మేడ దిగే ముందు ఒక పని మిగిలి ఉంటుంది. మీటరును అరగంట వేడెక్కనిచ్చి, లాగ్ మొదలుపెట్టి, యాభై మీటర్ల దూరంలో ఒక లోరా నోడ్‌తో పది ప్యాకెట్లు పంపించండి. లాగ్ ఆపి, పెన్‌డ్రైవ్ తీసి, ల్యాప్‌టాప్‌లో ఫైలు తెరిచి ఆ పదిలో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. తెర మీద కాదు, ఫైల్లో.