రింగు రోడ్డు ఎప్పుడైతది సార్? హైవే పనుల మీద అపోహలు - వాస్తవాలు

రోడ్ల పనుల్లో మెటీరియల్ ఇంజినీర్‌ని. పెళ్లికి పోయినా, దినాలకు పోయినా నన్ను అడిగేది ఒక్కటే: "మన వరంగల్ రింగు రోడ్డు ఎప్పుడు పూర్తయితది?" ఆ తేదీ నా చేతిలో లేదు. కానీ ఆ ప్రశ్న వెనకాల ఉండే నమ్మకాలు కొన్ని తెలుసు, వాటి సంగతి చెప్తాను.

అపోహ: మ్యాపులో గీత పడిందంటే రోడ్డు వచ్చినట్టే.

వాస్తవం: పోయిన ఎండాకాలం మా మేనమామ ఒక వెంచర్ బ్రోచర్ తెచ్చాడు. ప్లాట్ల పక్కనే ఎర్ర గీత, దాని మీద "రింగు రోడ్డు". "ఈ సర్వే నంబర్‌కు గెజిట్ వచ్చిందా మామా?" అంటే "రాళ్లు పాతిండ్రు కదరా" అన్నాడు. రాళ్లు పాతితే సర్వే జరిగినట్టు, అంతే.

జాతీయ రహదారికైతే 1956 నాటి చట్టం కింద ముందు 3ఏ నోటిఫికేషన్ రావాలి. ఈ భూమి తీసుకోవాలనుకుంటున్నాం అని చెప్పడమే అది. అభ్యంతరాలకు 21 రోజులు ఇస్తారు. ఆ తర్వాత 3డీ ప్రకటన వచ్చాకే భూమి కేంద్రానికి దఖలు పడుతుంది. ఏడాదిలోగా 3డీ రాలేదా, కోర్టు స్టే ఉన్న రోజులు తీసేసి చూసినా రాలేదా, ఆ 3ఏ చెల్లదు. కథ మళ్లీ మొదటికి.

మాస్టర్ ప్లాన్ గీత ఇంతకంటే పలచన. 1971 నాటి ప్లాన్‌తోనే దశాబ్దాలు నెట్టుకొచ్చిన ఊరు మనది. ఔటర్ రింగులో హైదరాబాద్ వైపు నుంచి ములుగు వైపు పోయే బైపాస్ ముక్క జాతీయ రహదారిలో భాగం కాబట్టి ముందు పూర్తయింది. మిగతా చుట్టుకు ఆ అండ లేదు. మామ మాత్రం అడ్వాన్స్ ఇచ్చేసి వచ్చాకే నన్ను అడిగాడు.

అపోహ: గ్రీన్‌ఫీల్డ్ హైవే (పాత రోడ్డు లేని చోట పొలాల మీదుగా కొత్తగా వేసేది) పక్కన పొలముంటే పంట పండినట్టే.

వాస్తవం: 2023 జూలై 8న ప్రధాని వరంగల్‌లో రెండు రోడ్లకు శంకుస్థాపన చేశారు. ఒకటి కరీంనగర్-వరంగల్, 68 కిలోమీటర్లు, ఉన్న రెండు వరుసలనే నాలుగు చేయడం. రెండోది మంచిర్యాల-వరంగల్, 108 కిలోమీటర్లు, నాగ్‌పూర్-విజయవాడ కారిడార్‌లో భాగం; గ్రీన్‌ఫీల్డ్ అంటే ఇదే. జనం రెండింటినీ ఒకే గాటన కట్టేస్తారు. రెండోదానికి ఎక్కడంటే అక్కడ ఎక్కడం దిగడం కుదరదు, ఇంటర్‌ఛేంజ్ (ఎక్కి దిగడానికి కట్టిన కూడలి) దగ్గరే. పక్కన హోటల్ పెడదామనుకున్నవాళ్లకు కంచె మిగులుతుంది. రోడ్డు మీ పొలాన్ని రెండుగా చీలుస్తుంటే, అభ్యంతరాల గడువులోనే అడగాల్సింది ఒకటుంది: అండర్‌పాస్ ఎక్కడ, దానిలోంచి వరికోత మిషన్ పడుతుందా? ఎకరానికి ఎంతిస్తారని అందరూ అడుగుతారు, ఇది అడిగినవాళ్లను నేను ఇద్దరు ముగ్గురినే చూశాను.

అపోహ: కొత్త రోడ్డుకు గుంతలు పడ్డాయంటే తారు మింగేసినట్టే.

వాస్తవం: మింగిన చోట్లూ ఉన్నాయి, కాదనను. కానీ రోడ్డంటే పైన కనిపించే నలుపు ఒక్కటే కాదు. గట్టిపరిచిన మట్టి, దానిపైన నీళ్లు దిగిపోయే గ్రావెల్ పొర, తడి కలిపి తొక్కించిన కంకర, ఆ పైన తారు పొరలు. పైది చెడితే చాలాసార్లు జబ్బు కింద ఉంటుంది.

ఒకసారి వేసి ఏడాది కాని రోడ్డు ఒకే చోట వంద మీటర్లు కుంగింది. తవ్వి చూశాం. తారు ముక్క గట్టిగానే ఉంది, ల్యాబులో మందం, తారు శాతం రెండూ సరిపోయాయి. మూడడుగుల కింద రేగడి మాత్రం చపాతీ పిండిలా ఉంది. గుప్పిట్లోకి తీసుకుని పిసికితే వేళ్ల సందుల్లోంచి బయటికొచ్చింది. పక్క పొలం రైతు గట్టు మీద కూర్చుని చూస్తున్నాడు. "చెరువు మత్తడి దుంకితె నీళ్లన్నీ గీ పాయల్నే పోతయి సారూ. మీరు తూము ఆడ పెట్టిండ్రు" అని చెయ్యెత్తి చూపించాడు. మా తూము నలభై మీటర్ల అవతల ఉంది. డ్రాయింగ్ ఎండాకాలం సర్వేతో గీసింది, అప్పుడు ఆ పాయ ఎండి మామూలు చెల్కలా కనిపించి ఉంటుంది. కాకతీయుల కాలం నుంచి గొలుసుకట్టు చెరువులున్న నేల ఇది. ఎక్కడ రోడ్డు కట్ట వేసినా ఏదో ఒక చెరువు నీటికి అడ్డం పడతాం. అప్పటి నుంచి కొత్త సైటుకు పోతే ముందు ఊళ్లో పెద్దమనిషిని వెతుక్కుంటాను.

దీనికి లోడు తోడవుతుంది. ఇరుసు మీద బరువు రెట్టింపయితే రోడ్డుకు జరిగే నష్టం రెట్టింపు కాదు, సుమారు పదహారు రెట్లు. కరీంనగర్ గ్రానైట్ బండ ఎక్కిన లారీ ఒక్కటి పోయిందంటే దాని లెక్క మీ కార్లు ఎన్ని తిరిగినా తేలదు.

అపోహ: బైపాస్ పడితే ఊళ్లో ట్రాఫిక్ తీరిపోతుంది.

వాస్తవం: ఆగకుండా పోయే లారీలు తగ్గుతాయి. కాజీపేట నుంచి హన్మకొండకు, హన్మకొండ నుంచి వరంగల్ స్టేషన్‌కు పోయే ఆటోలు, బైకులు బైపాస్ ఎందుకెక్కుతాయి?

అపోహ: కొత్తది వేయడం కన్నా ఉన్న రోడ్డును వెడల్పు చేయడం తేలిక.

వాస్తవం: నాకైతే ఖాళీ పొలంలో కొత్త కట్ట వేయడమే హాయి. వెడల్పు పనిలో ముందు కరెంటు స్తంభాలు, మిషన్ భగీరథ మంచినీళ్ల పైపులు జరగాలి, అంతసేపూ బండ్లు మన పక్కనుంచే పోతుంటాయి. అసలు చిక్కు పాతదీ కొత్తదీ కలిసే చోట. పాత కట్ట ఏటవాలును మెట్లుగా కోసి, ఒక్కో మెట్టు మీద కొత్త మట్టి పోసి రోలర్‌తో తొక్కించాలి. తొందరపడి ఏటవాలు మీదే పోసేస్తే కొత్త మట్టి మెల్లగా కిందికి జారుతుంది. మొదటి వానాకాలంలోనే పాత అంచు పొడవునా సన్నటి పగులు కనిపిస్తుంది, కొలబద్ద పెట్టి గీసినంత తిన్నగా.