ఇండియానా జోన్స్ నాలుగో సినిమా: నిరాశకు అసలు కారణాలు

నేను సినిమాలకు ఎడిటింగ్ చేస్తాను. 1989లో మూడో సినిమాతో ముగిసిందనుకున్న, సాహసాలు చేసే పురావస్తు శాస్త్రవేత్త ఇండియానా జోన్స్ (ముద్దుగా ఇండీ) కథను 19 ఏళ్ల తర్వాత, 2008లో మళ్లీ తెరకెక్కించారు. చాలామంది ఉసూరుమన్నారు. అందుకు వాళ్లు చెప్పే కారణాలతోనే నాకు పేచీ.

అపోహ: ఆ సినిమా ఆడలేదు.
వాస్తవం: దాదాపు 79 కోట్ల డాలర్లు వసూలు చేసింది. డబ్బు పోగొట్టింది 2023లో వచ్చిన ఐదోది.

అపోహ: ఇండీగా నటించిన హారిసన్ ఫోర్డ్‌కు వయసు మీద పడింది.
వాస్తవం: 65వ పుట్టినరోజు షూటింగ్ మధ్యలోనే వచ్చింది, నిజమే. ఆ వయసును కథ దాచలేదు. దెబ్బలు తిని డీలాపడే హీరోకు వయసు అడ్డం కాదు, ఇంకా కలిసొస్తుంది.

అపోహ: కంప్యూటర్ గ్రాఫిక్స్ చెడగొట్టాయి.
వాస్తవం: కనికట్టు ఎప్పుడూ ఉంది. 1981 నాటి మొదటి సినిమాలో పరిగెత్తే లారీ కిందికి దూరి వెనక నుంచి తేలింది స్టంట్‌మన్ టెర్రీ లెనార్డ్. అతనికి చోటు చాలాలని రోడ్డు మధ్యలో గాడి తవ్వారు. అయినా నమ్ముతాం. ఎందుకంటే ఇండీ చేతికి తూటా తగులుతుంది, శత్రువు సరిగ్గా ఆ గాయం మీదే గుద్దుతాడు. తర్వాత ఓడలో ప్రియురాలు మారియన్ ఎక్కడ ముట్టుకున్నా అతను మూలుగుతాడు. ఆ ఓడ సీను కత్తిరించినా కథ నడుస్తుంది, కానీ లారీ పోరాటం తేలిపోతుంది.

2008లో ఇండీ సీసపు పొర ఉన్న ఫ్రిజ్‌లో దాక్కుని అణు పేలుడును తప్పించుకుంటాడు. ఫ్రిజ్ ఆకాశంలోకి ఎగిరి, నేల మీద దొర్లి ఆగుతుంది. అతను లేచి నడుస్తాడు. తర్వాత ఒళ్లు రుద్ది కడుగుతారు, ప్రశ్నిస్తారు. ఎక్కడ నొప్పిగా ఉందని మాత్రం ఎవరూ అడగరు! గ్రాఫిక్స్ ఎంత బాగున్నా ఆ లోటు తీరదు.

అపోహ: గ్రహాంతరవాసులు ఈ కథల్లో ఇమడరు.
వాస్తవం: మొదటి సినిమాలో మందసంలోంచి, అంటే బైబిల్లోని పవిత్ర పెట్టెలోంచి, ఆత్మలు లేచి శత్రువుల ముఖాలు కరిగించినప్పుడు ఎవరూ అభ్యంతరపెట్టలేదు. పాతవి 1930ల కథలు. ఇది 1957లో జరుగుతుంది కాబట్టి అప్పటి ఎగిరే పళ్లెం సినిమాల తీరును ఎంచుకున్నారు. ఎంపిక సబబే. చిక్కల్లా ఇండీకి పని లేకపోవడం. మూడో సినిమాలో తండ్రి తూటా దెబ్బతో నెత్తురోడుతుంటే, ఆయన్ని బతికించడానికి మూడు పరీక్షలూ ఇండీయే దాటాలి. ఇక్కడ గ్రహాంతరవాసి పుర్రె అయిన స్ఫటిక కపాలం తన చోటికి చేరాక జరగాల్సింది జరిగిపోతుంది, హీరో చూస్తుంటాడు. మొదటి సినిమా చివర్లోనూ అతను స్తంభానికి కట్టేసి ఉంటాడు కదా అని కొందరంటారు. ఉంటాడు, కానీ కళ్లు తెరవొద్దని మారియన్‌ను హెచ్చరించేది అతనే.